ఇంటిలో కరెంటు మీట యేల పడును?



మన పల్లెలలో నేడు ఇంటికొకరో యిద్దరో హైదరాబాదున కంప్యూటరు కొలువులలో నున్నారు. పండుగ వెళ్లిన పిమ్మట వారు మనలను గూడ వెంటబెట్టుకొని పోవుచుందురు. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి యను పేర్లు మనకిపుడు చుట్టాల యూళ్లవంటివే యైనవి. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్సు అను గుండ్రని మేడను ప్రారంభించునాటికి ఆ చుట్టుపట్ల నెక్కడ చూచినను రాతిగుట్టలే. నేడు గుట్టకొక మేడ, మేడకు నూఱిండ్లు. అట్టి యిండ్లలో నొకదానియందు, మొన్నటి సంక్రాంతి వెళ్లిన వారమున నాకు గలిగిన యనుభవమును బట్టి, కరెంటు మీట తనంత తాను పడిపోవుటను గూర్చి నేడు చెప్పదలచితిని.

నేను ముప్పది యేండ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించినవాడను. తీగెలో ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగునని నల్లబల్లమీద వ్రాసి వ్రాసి సుద్దముక్కలు అరగదీసితిని. అయినను మా అబ్బాయి వంటయింటిలో ఆ పాఠము నాకు సమయమునకు జ్ఞప్తికి రాలేదు.

మా అబ్బాయియు కోడలును అచ్చటనే ఉద్యోగులు. 2020లో కరోనా వచ్చినది మొదలు వారమునకు రెండు మూడు దినములు ఇంటినుండియే పనిచేయు వాడుక వారికి ఏర్పడినది. ఉదయము తొమ్మిది గంటలకు కంప్యూటరు ముందు కూర్చుండవలెను. అంతలో వంట ముగియవలెను. కావున ఇండక్షన్ పొయ్యిమీద పప్పు ఉడుకుచుండును. మైక్రోవేవులో నిన్నటి కూర వేడెక్కుచుండును. ప్రక్కన కెటిలులో నీళ్లు కాగుచుండును. ఇంకొక మూల మిక్సీలో చట్నీ నలుగుచుండును. ఫ్రిజ్జి సరేసరి, దానికి విశ్రాంతి లేదు. నా యిన్సులిను సీసాలు దానిలోనే యుండెను.

ఆ యింటి గుమ్మము లోపలి గోడలో చిన్న పెట్టె యొకటి కలదు. దానిలో వరుసగా చిన్న చిన్న మీటలుండును. వానిని ఎంసీబీలందురు. ఒక్కొక్క మీట ఒక్కొక్క తీగెకు కావలి. దీపములకొకటి, ఏసీకొకటి, గీజరుకొకటి, వంటయింటికొకటి. ఇట్లు వేఱు వేఱుగా నుండుట చేతనే వంటయింటి మీట పడినను ముందుగదిలో దీపము వెలుగుచునే యుండును. "దీపముండగా కరెంటు పోవుటేమి?" యని మనము తికమక పడుదుము. ఊరి కరెంటు పోలేదు. ఒక గది కరెంటు మాత్రము ఆగినదన్నమాట.

నేను వెళ్లకమునుపు డిసెంబరు నెలలో ఆ వంటయింటి మీట ఇంచుమించు దినమునకొకసారి పడుచుండెనట. పడినప్పుడెల్ల మావాడు దానిని పైకెత్తెడివాడు. ఆపి మఱల తెఱచినచో ఎట్టి యంత్రమైనను బాగుపడునని కంప్యూటరు వారికొక నమ్మకము కలదు. వారి యంత్రముల యెడల అది చాలవఱకు నిజమే. గోడలోని తీగె యెడల నిజము కాదు. తుదకు విసిగి యొక పనివానిని పిలువగా, అతడు పది నిమిషములలో 16 అంపియర్ల మీటను ఊడదీసి 32 అంపియర్ల మీటను బిగించి పోయెను. నాటినుండి మీట పడుట మానినది. అందఱును సంతోషించిరి.

నేను వెళ్లిన మూడవ దినమున వంటయింటిలో ఏదో కాలిన వాసన తగిలెను. పోపు మాడినదనుకొంటిని. మఱునాడు కెటిలు వేడెక్కలేదు, ఫ్రిజ్జియు ఆగినది. పెట్టె తెఱచి చూడగా మీట పైకే యున్నది! సాకెట్టు ప్రక్కన చేయి పెట్టి చూచితిని. గోడ వెచ్చగా నుండెను. సాకెట్టు తెల్లని ముఖము పసుపు వన్నెకు తిరిగి, రంధ్రముల చుట్టు కమిలియున్నది. మీట పడినప్పటికంటె, మీట పడకయే సాకెట్టు చచ్చినప్పుడు ఎక్కువగా భయపడవలెనని నాకా దినమున తెలిసినది.

వచ్చిన ఎలక్ట్రీషియను పాలమూరు వైపు కుర్రవాడు. ముందు మెయిను దించెను. టెస్టరు పెట్టి చూచెను. ఆ తరువాతనే మరలు విప్పెను. వెనుకనున్న తీగె తొడుగు గోధుమరంగుకు మారి, గోటితో గీకగా పెంకువలె రాలినది. తీగెను పట్టియుంచు ఇత్తడి బిగింపు నల్లబడినది. ఆ కుర్రవాడు పెట్టె దగ్గఱకు పోయి 32 అను అంకెను చూచి, "ఇది ఎవలు మార్చిన్రు సార్? మీట పడకుంట చేసిన్రు గని, ఇల్లు కాలకుంట చెయ్యలే" అనెను. నా ముప్పది యేండ్ల పాఠము ఆ మాటతో జ్ఞప్తికి వచ్చినది.

మా వాని మేడమీదినుండి చూచినచో దుర్గము చెఱువు కనబడును. పూర్వము గోలకొండ కోటకు నీరిచ్చిన చెఱువది. 2020లో దానిపై తీగెల వంతెన వేసిరి. ఆ సాయంకాలము నేను దానినే చూచుచు మన యూరి చెఱువును తలచుకొంటిని. చెఱువుకు మత్తడి యుండును, కోస్తావారు అలుగందురు. వాన మిక్కుటమైనపుడు మత్తడి దూకి ఎక్కువ నీరు పోవును, కట్ట నిలుచును. మత్తడిమీద ఇసుక బస్తాలు పేర్చి రెండు మూరలు ఎత్తు పెంచితిరా, కొన్నాళ్లు నీరు పొరలదు. చెఱువు నిండుకుండవలె నుండి కన్నుల పండువగును. గాని కట్ట బలము ఎంతయుండెనో అంతయే యున్నది. ఒకనాటి రాత్రి అది తెగును. ఇంటిలో గోడలోని తీగెయే కట్ట. మీటయే మత్తడి. తీగె మార్చక మీట పెంచుట బస్తాలు పేర్చుటయే.

ఇక లెక్క చూతము. ఇది కఠినమైన లెక్క కాదు, భాగాహారము వచ్చిన చాలును. ప్రతి యంత్రము మీదను అది యెన్ని వాట్లు త్రాగునో వ్రాసియుండును. మన యిండ్లకు వచ్చు కరెంటు ఒత్తిడి 230 వోల్టులు. వాట్లను 230తో భాగించినచో అంపియర్లు వచ్చును. మా వాని యింట ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు, కెటిలు 1500, మైక్రోవేవు 1200, మిక్సీ 750, ఫ్రిజ్జి 150. మొత్తము 5600. దానిని 230తో భాగింపగా 24 అంపియర్లకు పైగా వచ్చును. ఆ గోడలోని రాగి తీగె రెండున్నర చదరపు మిల్లీమీటర్లది. గొట్టములో బిగిసియున్న అట్టి తీగె ఇరువది అంపియర్లకు అటునిటుగా మాత్రమే చల్లగా మోయగలదు. 16 మోయునప్పుడు పుట్టు వేడితో పోల్చినచో, 24 మోయునప్పుడు పుట్టు వేడి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు. 32 మోసెనా, నాలుగు రెట్లు. క్రొత్తమీట ఆ 32 వఱకు నోరు మెదపదు. అంతకుముందే తీగె తొడుగు వండబడును.

పాత మీట పడిన తీరు కూడ చెప్పవలెను, ఏలననగా అది చక్కని యంత్రము. కమ్మరి బండిచక్రమునకు ఇనుప పట్టా వేయుట మీరందఱును చూచినవారే. పట్టాను ఎఱ్ఱగా కాల్చినపుడు అది సాగును. చక్రమునకు తొడిగి నీళ్లు పోసినచో ముడుచుకొని బిగియును. అన్ని లోహములును వేడికి సాగును గాని, అన్నియు ఒకే రీతిగా సాగవు. రెండు వేఱు లోహముల రేకులను అతికి యొకటిగా జేసినచో, వేడికి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగుటచే ఆ జంట రేకు వంగును. మీట లోపల నుండునది అట్టి జంట రేకే. ప్రవాహము మితిమీరినపుడు రేకు వేడెక్కి, వంగి, గడియను తప్పించును. మీట పడును. దానితోడనే లోపల నొక తీగెచుట్ట కూడ కలదు. ప్రవాహము అకస్మాత్తుగా అయిదింతలు పదింతలైనపుడు ఆ చుట్ట అయస్కాంతమై రెప్పపాటులో గడియను లాగివేయును. ఈ రెండు ఉపాయములను ఒకే చిన్న పెట్టెలో ఇమిడ్చినది జర్మనీదేశమున మాన్‌హైము పట్టణమందలి హ్యూగో స్టోట్జ్‌గారి కర్మాగారమువారు. దానికి 1924లో పేటెంటు పొందిరి. నూఱేండ్లు దాటినను మూలసూత్రము మాఱలేదు.

ఈ రేకు సంగతి తెలిసినచో ఒక ఉపయోగము కలదు. మీట ఎంత సేపటికి పడినదో గమనించి రోగమేదో ఊహింపవచ్చును. పదునాఱు అంపియర్ల మీట పదునేడు కాగానే పడదు. కొంచెము హెచ్చైనచో గంటసేపైనను ఓర్చును. ఒకటిన్నర రెట్లైనచో గంటలోపల, తఱచు కొద్ది నిమిషములలోనే, పడును. కావున అన్నియు నడుచుచుండగా కొంత సేపటికి పడినదా, అది బరువు ఎక్కువగుట. స్విచ్చి వేసిన తక్షణమే 'టప్'మని పడినదా, ఫేజు తీగెయు న్యూట్రలు తీగెయు ఎక్కడనో ఒకదానినొకటి తాకినవి; దానినే షార్టు సర్క్యూటందురు.

మూడవది యొకటి కలదు. అది వేఱు మీట పని. పెట్టెలో మిగిలినవానికంటె వెడల్పైన మీట, దానిమీద 'టి' అను అక్షరముగల చిన్న బొత్తాము ఉన్నచో, అది ఆర్‌సీసీబీ. పసులను మేతకు తోలునపుడు లెక్కించి, సాయంకాలము మఱల లెక్కించు కాపరివంటిదది. ఫేజుగుండ ఎంత పోయినదో న్యూట్రలుగుండ అంతయు తిరిగి రావలెను. తక్కువ వచ్చినచో, ఆ తక్కువైనది గీజరు తొట్టిగుండనో, తడిగోడగుండనో, ఒక మనుష్యుని శరీరముగుండనో నేలలోనికి పోవుచున్నదన్నమాట. ఇండ్లలో వేయునది సాధారణముగా 30 మిల్లీ అంపియర్లది, అనగా అంపియరులో నూటికి మూడు వంతులు తేడా వచ్చినను అది పడును.

ఇచ్చట మనలో చాలమందికి గల యొక భ్రమను తొలగింపవలెను. ఎంసీబీ యున్నది కదా, షాకు కొట్టదులే యనుకొందుము. మనుష్యుని ప్రాణము తీయుటకు అంపియరులో పదవవంతు చాలును. పదునాఱు అంపియర్ల మీటకు అది చీమ కుట్టినట్లైనను తెలియదు. ఎంసీబీ తీగెను కాచును, మనుష్యుని కాదు. మనుష్యుని కాచునది ఆర్‌సీసీబీయును, సరియైన ఎర్తును. అట్లే ఆర్‌సీసీబీ బరువు ఎక్కువైనదని పడదు. ఒకరి పని ఒకరు చేయరు; కాబట్టి రెండును ఉండవలెను. 'టి' బొత్తామును నెలకొకసారి నొక్కి చూడుడు. నొక్కగా పడనిచో దానిని మార్పింపవలెను. మా వాని యింట అయిదేండ్లలో దానినెవరును నొక్కలేదు. నేను నొక్కితిని, పడినది, ముందుగా చెప్పక నొక్కుటచే మా కోడలి సమావేశము నడుమ ఆగి, ఆమె గదిలోనుండి, "మామయ్యా, చెప్పి నొక్కకూడదూ!" అని కొంచెము నొచ్చుకొనినది. చెప్పి నొక్కుటయే మంచిది.

మీట పడినపుడు చేయవలసిన పని ఇది. వెంటనే ఎత్తరాదు. ఆ గదిలోని ప్లగ్గులన్నియు పెఱికివేయుడు. స్విచ్చి ఆపుట చాలదు. కాలిన వాసనయున్నదేమో, ఏ సాకెట్టైన కమిలియున్నదేమో, పొడిచేతి వెనుకవైపున సోకించి, వెచ్చగా నున్నదేమో చూడుడు. ఇవి యున్నచో మెయిను దించి తెలిసినవానిని పిలువవలెను. ఆ పైన మన ప్రయోగములు పనికిరావు. ఏమియు లేనిచో మీట ఎత్తుడు. కొన్ని మీటలు పడినపుడు నడిమిలో నిలుచును. వానిని పూర్తిగా క్రిందికి దించి పిమ్మట పైకెత్తిననే నిలుచును. ఇది తెలియక మీట చెడినదని మార్పించినవారు కలరు. ఏ ప్లగ్గును లేకుండగనే మఱల పడినచో దోషము గోడలోని తీగెలోనో సాకెట్టులోనో యున్నది. నిలిచినచో ఒక్కొక్క యంత్రమునే తగిలించుచు రండు. ఫలానిదానిని తగిలించి స్విచ్చి వేయగానే పడినచో దోషము దానిదే. ఒక్కొక్కటిగా అన్నియు నడిచి, అన్నియు కూడినపుడే పడినచో ఏ యంత్రమునకును దోషము లేదు. వాని సంఖ్యకే దోషము.

ఎక్స్‌టెన్షన్ బోర్డును గూర్చి ఒక్క మాట. దానికి అయిదు రంధ్రములున్నంత మాత్రాన అయిదింతల శక్తి రాదు. చాలవఱకు అవి ఆఱు అంపియర్లవి. ఆఱును 230తో గుణింపగా 1380 వాట్లు. అనగా ఒక్క కెటిలే దానికి ఎక్కువ. ఫోను, కంప్యూటరు, చిన్న దీపము — ఇంతవఱకే అది పనికివచ్చును. ఆ మేడలలో ఊరి కరెంటు పోయినపుడు జనరేటరు పనిచేయును గాని, ఒక్కొక్క యింటికి అది ఇచ్చునది బహు స్వల్పము. ఆ వేళ గీజరు వేసినచో ఇల్లంతయు ఆఱిపోవును. దానిని చూచి మనము కంగారుపడనక్కఱలేదు, గీజరు ఆపిన చాలును.

మా వాని యింటికి మఱల వత్తును. కాలిన తీగెను సాకెట్టును తీసివేసి క్రొత్తవి వేసిరి. 32 అంపియర్ల మీటను తీసి ఎప్పటివలె 16 అంపియర్లదే పెట్టిరి. ఇండక్షన్ పొయ్యికి పెట్టెనుండి నేరుగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగె వేఱుగా లాగి దానికొక మీట నిచ్చిరి. ఇన్ని క్రొత్త బరువులు పెరిగినపుడు కరెంటు బిల్లుమీద వ్రాసియుండు ఒప్పుదల లోడు సరిపోవునా యని చూచుకొని, చాలనిచో పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టవలెను. ఫిర్యాదులకు 1912 అను నంబరు దేశమంతటను ఒకటే. ఖర్చును చూచి మావాడు, "మీట మార్చుటకు ఆనాడు ఇందులో ఇరువదవ వంతైనను కాలేదు నాన్నా" అనెను. నిజమే.

అగ్ని యెంత వేగముగా పనిచేయునో చెప్పుటకు నా మాట అక్కఱలేదు. 2025వ సంవత్సరము మే 18వ తేదీ ఆదివారము తెల్లవాఱువేళ చార్మినారు చెంత గుల్జార్ హౌజులో నొక యింట మంటలు రేగి 17 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో పసిబిడ్డలుండిరి. షార్టు సర్క్యూటు కారణమై యుండవచ్చునని అగ్నిమాపక శాఖవారు తొలుత తెలిపిరి. ఆ వార్త చదివిననాడు నేను పత్రిక మడిచి ప్రక్కన పెట్టి, అది పాతబస్తీ ఇరుకు ఇండ్ల సంగతి యనుకొంటిని. మా వాని గోడలోని గోధుమరంగు తీగెను చూచిన పిదప అట్లనుకొనలేకపోయితిని.

మన యూళ్ల మాట చెప్పి ముగింతును. మన పాత యిండ్లలో ఎంసీబీ లేదు. పింగాణి గట్టలో ఫ్యూజు తీగె యుండును. 'ఫీజు పోయింది' అందుము. ఆ తీగె మొదట కరగి మిగిలిన తీగెలను కాపాడవలెను. దాని పుట్టుక అందులకే. మనము చేయునదేమి? అది రెండుసార్లు పోగానే మోటారు తీగెనుండి రాగి పోగులు పెఱికి, మెలిపెట్టి వేయుదుము. ఇక పోదు. నగరములో 32 అంపియర్ల మీట వేసినవానికిని మనకును భేదము లేదు.

ఫిబ్రవరిలో ఊరికి తిరిగి వచ్చిన దినముననే మెయిను దించి మా వసారాలోని పింగాణి గట్టను ఊడదీసి చూచితిని. మా అమ్మాయి పెండ్లినాడు దీపములు మాటిమాటికి ఆఱిపోవుచుండగా, పదిమందిలో నగుబాటగునని, మూడు రాగి పోగులు మెలిపెట్టి నేనే వేసియుంటిని. పెండ్లి జరిగి పదునాలుగేండ్లయినది. పోగులు అట్లే యున్నవి. వానిని తీసివేసి అంగడినుండి 10 అంపియర్ల ఫ్యూజు తీగె తెచ్చి వేసితిని. ఆ సాయంకాలమే అది పోయినది. ఈసారి తీగె వేయకమునుపు ఇస్త్రీపెట్టెను వెలుతురులోనికి తెచ్చి చూచితిని. పిడి దగ్గఱ తీగె తొడుగు చిట్లి, లోపలి రాగి బయటికి కనబడుచుండెను.